మా ఇంట్లో నల్ల జీలకర్ర: దేనికి పనికొచ్చింది, దేనికి రాలేదు

నల్ల జీలకర్ర మా వంటింట్లోకి వచ్చి చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లలో జలుబుకి వాడాం, పొట్ట ఉబ్బరానికి వాడాం, మావారి షుగర్‌కి మాత్రలతో పాటు వాడాం, తలనూనెలో కాచాం, కూరల్లో తాలింపు వేశాం. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ముక్కు దిబ్బడకీ, అజీర్తికీ ఇది నిజంగా పనికొచ్చే సరుకు. షుగర్‌కి మాత్రలు మింగుతూ వాడుకుంటే కొంత సాయం చేస్తుంది. జుట్టు మొలిపించదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం మందు మోతాదులో దీన్ని ముట్టకూడదు. ఈ చివరి మాట కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను. మాది శ్రీకాకుళం. మా పుట్టింటి వైపు చుట్టాలు సగం మంది, కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానంలో ఉన్నారు.

ముందు సరుకు గుర్తుపట్టడం నేర్చుకోవాలి. మా ఊరి పచారీ కొట్లలో నల్ల జీలకర్ర అని అడిగితే ఒకరు షాజీరా పొట్లం కడతారు, ఇంకొకరు కలోంజీ కడతారు. నేను రాస్తున్నది కలోంజీ గురించి. నాన్ రొట్టెల మీద చల్లి ఉంటాయి చూడండి, ఆ గింజలు. కొట్లోనే కాగితం మీద పోయించుకుని చూసుకోండి. బొగ్గు నలుపు, మెరుపు ఉండదు. ఇంచుమించు నువ్వుగింజంతే ఉంటుంది కానీ నువ్వులా నున్నగా, బల్లపరుపుగా ఉండదు. మూడు పలకలుగా, అంచులు తేలి, ఒంటి నిండా సన్నటి ముడతలతో ఉంటుంది. గోటితో చిదిపితే లోపల తెల్లటి పప్పు, వేలికి కాస్త జిడ్డు. చిదిపిన వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే వాము లాంటి ఘాటు వాసన రావాలి. నోట్లో వేసుకుంటే ముందు చేదు, ఆ వెనకే గొంతులో వేడి. వాసన ఏమీ రాకపోతే అవి ఉల్లి విత్తనాలు కావచ్చు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పొడవుగా, సన్నగా, వంగి, గీతలతో గోధుమరంగులో ఉంటే అది షాజీరా. అది బిర్యానీలోకి మంచిదే, కానీ ఈ పనికి రాదు.

మామూలు జీలకర్రకీ దీనికీ మొక్కల్లో చుట్టరికం లేదు. జీలకర్ర, వాము, ధనియాలు ఒక కుటుంబం. ఇది వేరే కుటుంబం మొక్క, లేత నీలం పువ్వు పూస్తుంది, కాయలో గింజలుంటాయి. మధ్యప్రదేశ్, రాజస్థాన్ వైపు రబీలో వేస్తారు. అజ్మేర్‌లో విత్తన సుగంధ ద్రవ్యాల పరిశోధన కేంద్రం ఉంది, వాళ్లు దీనిలో అజ్మేర్ నైజెల్లా-1, అజ్మేర్ నైజెల్లా-20 అనే రకాలు కూడా విడుదల చేశారు. మన పొలాల్లో నువ్వు పండుతుంది కానీ ఇది పండదు. మనకొచ్చేదంతా ఉత్తరాది సరుకే. కాబట్టి కొట్టుకి వచ్చేసరికే కొంత పాతబడి ఉంటుంది, వాసన చూడకుండా కొనొద్దు.

వైద్యంలో దీనికి రెండు వైపుల నుంచి పరంపర ఉంది. ఆయుర్వేదంలో జీలకర్రలు మూడు. తెల్లది, నల్లది, ఉపకుంచిక. ఈ ఉపకుంచికే మన కలోంజీ. మూడూ కారపు రుచి, వేడి చేసేవి, ఆకలి పుట్టించేవి, అరుగుదలకి మంచివి, గర్భాశయాన్ని శుభ్రం చేసేవి అని చెబుతారు. హకీములు చేసే యునానీ వైద్యంలో దీని స్థానం ఇంకా పెద్దది. చావుకి తప్ప అన్ని రోగాలకీ ఇందులో స్వస్థత ఉందని ప్రవక్త చెప్పినట్టు హదీసులో ఉంది. అందుకే ముస్లింల ఇళ్లలో దీనికి అంత గౌరవం. కుతుబ్‌షాహీల కాలం నుంచి చికాకోల్ సర్కారుకి, అంటే అప్పటి జిల్లాకి, కేంద్రంగా ఉన్న ఊరు మాది. వీధికో నాటువైద్యుడి మాటా, హకీము మాటా రెండూ వింటూ పెరిగాం.

మా ఇంటికి దీన్ని అలవాటు చేసింది పక్కింటి నానీ. ఆవిడ మనవలు నానీ అంటే మా పిల్లలూ అదే పిలుపు పట్టుకున్నారు. రోజూ పొద్దున్నే చిటికెడు గింజలు తేనెతో నమిలేది. నాకు ఆవిడలో నచ్చిందేంటంటే, ఆ నమ్మకం ఎంత గట్టిదో బీపీ మాత్ర విషయంలో పట్టింపు కూడా అంతే గట్టిది. ఒకసారి అడిగాను, అన్నిటికీ ఇదే మందన్నప్పుడు మాత్ర దేనికి నానీ అని. "మందు ఇచ్చింది దేవుడే, డాక్టరుని ఇచ్చిందీ దేవుడే కదమ్మా. ఒకటి తీసుకుని ఒకటి వద్దంటానా" అంది. ఇన్నేళ్లుగా మా ఇంట్లో పద్ధతి కూడా అదే.

ఇక వాడకం సంగతి. నాకు కార్తీకం నుంచి సంక్రాంతి వెళ్లేదాకా పొద్దున లేస్తూనే తుమ్ములు. నాగావళి వైపు నుంచి మంచు దిగే రోజుల్లో ముక్కు రెండు వైపులా మూసుకుపోయి, నోటితో ఊపిరి పీల్చుకుంటూ వంట చేసేదాన్ని. దీనికి నేను చేసేది మూట. చిన్న మూకుడు సన్న సెగ మీద పెట్టి ఒక చెంచాడు గింజలు వేస్తాను. ఎలాగూ నల్లగానే ఉంటాయి కాబట్టి వేగాయా లేదా అన్నది రంగు చూసి తెలియదు, చెవీ ముక్కూ అప్పగించాలి. సన్నగా చిటపటమని, వాసన గదంతా పరుచుకోగానే దించెయ్యాలి. ఇంకాస్త ఉంచితే మాడి, ఘాటు పోయి చేదు కంపు మిగులుతుంది. వేడి మీదే చిన్న రోట్లో వేసి రెండు పోట్లు పొడవాలి. పొడి కాకూడదు, గింజ పగిలితే చాలు. పాత పొందూరు ఖద్దరు ముక్కలో మూట కడతాను. పాతబడిన ఖద్దరుకి గింజ జారదు, గాలి ఆడుతుంది, వేడి కాసేపు నిలుస్తుంది. సింథటిక్ గుడ్డ వద్దు. ముక్కుకి ఆనించకుండా కాస్త ఎడంగా పట్టుకుని నెమ్మదిగా పీల్చాలి. ముందు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. తర్వాత ఒక పక్క ముక్కు తెరుచుకుంటుంది, ఆ వెనకే రెండోది.

ఇది జలుబుని తగ్గించదు. జలుబు తన రోజులు తను ఉండే పోతుంది. కానీ ఆ పూట ఊపిరి ఆడుతుంది, రాత్రిపూట చేస్తే నిద్ర పడుతుంది. నాకు ఆ నిద్రే కావాలి. వాము మూట కూడా ఇదే పని చేస్తుంది, కానీ వాము ఘాటు నాకు తలనొప్పి తెప్పిస్తుంది, ఇది తెప్పించదు. ఇందులో ఉన్న ఘాటు నూనెలో ముఖ్యమైన పదార్థం పేరు థైమోక్వినోన్. శాస్త్రవేత్తల పరిశోధనలన్నీ ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి. 2017లో సౌదీలో 80 మంది ఆస్తమా రోగుల మీద నాలుగు వారాల పరిశీలన జరిగింది. సగం మందికి రోజూ ఈ నూనె గొట్టాలు (క్యాప్సూల్స్), మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి గొట్టాలు ఇచ్చి చూస్తే, నూనె తీసుకున్న వాళ్లకి ఆయాసం అదుపులో ఉండటం కొంత మెరుగైంది. అంతమాత్రాన ఇన్‌హేలర్ పక్కన పెట్టేయమని కాదు. ఆయాసం ఉన్నవాళ్లకి ఘాటు మూట ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా. పసిపిల్లల ముక్కు దగ్గర అసలు పెట్టొద్దు.

కడుపు సంగతి తొందరగా చెబుతాను. పెళ్లి భోజనాలు తిని వచ్చాక, పులిసిన పిండి అట్లు తిన్నాక పొట్ట బిగుసుకుపోతే పల్చటి మజ్జిగలో పావు చెంచా వేయించిన పొడి, కాస్త ఉప్పు వేసుకుని తాగుతాం. అరగంటలో తేనుపు వస్తుంది, బరువు దిగుతుంది. ఈ పని వాముతోనూ అవుతుంది, మామూలు జీలకర్రతోనూ అవుతుంది. ఇంట్లో అవి ఉంటే దీన్ని కొత్తగా కొనక్కర్లేదు. పరగడుపున మాత్రం ఉత్త గింజలు నమలొద్దు. నాకు కడుపులో మంట పుట్టింది, అన్నం తిన్నాక వేసుకుంటే ఆ ఇబ్బంది లేదు.

షుగర్ విషయంలో కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దీన్ని కొనేది అందుకే. మావారికి షుగర్ వచ్చి చాలా కాలమైంది. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎనిమిదిన్నర దగ్గర తచ్చాడుతూ ఉండేది. పొడి మొదలుపెట్టే ముందే డాక్టరు గారికి చెప్పాం. ఆయన కాదనలేదు, అవుననలేదు.

"రోజుకి ఎంత వేస్తారమ్మా?"

"ఒక చెంచా అండీ."

"మీ చెంచా ఏదో నాకు తెలియదు కదా. వచ్చేసారి ఆ చెంచా తీసుకురండి."

నిజంగానే తీసుకెళ్లాం. టీ చెంచా తల కొట్టి వేస్తే రెండున్నర గ్రాముల దాకా తూగుతుంది. మా ఇంట్లో ఉన్నది పాతకాలం పెద్ద చెంచా, గోపురంగా తీస్తే దానికి రెట్టింపు పైనే. ఆయన చిన్న చెంచా వాడమన్నారు, అది కూడా తలకొట్టి, మధ్యాహ్నం భోజనంలో. మాత్రలు ఒక్కటి కూడా మానొద్దని రెండుసార్లు చెప్పారు.

ఈ మోతాదుకి ఆధారం ఉంది. 2010లో అచ్చయిన ఒక సౌదీ పరిశీలనలో టైప్ 2 షుగర్ ఉన్న 94 మందిని మూడు జట్లుగా విడదీసి, వాళ్ల మందులు మానకుండానే రోజుకి 1 గ్రాము, 2 గ్రాములు, 3 గ్రాముల చొప్పున గింజల పొడి గొట్టాల్లో ఇచ్చి 12 వారాలు చూశారు. 2 గ్రాముల జట్టులో హెచ్‌బీఏ1సీ సగటున 1.52 శాతం మేర తగ్గింది. 1 గ్రాముకి చెప్పుకోదగ్గ ఫలితం లేదు. 3 గ్రాములు వేసుకుంటే అదనంగా ఒరిగిందీ లేదు. బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఉత్తుత్తి గొట్టాలు మింగిన జట్టు ఆ పరిశీలనలో లేదు కాబట్టి దాన్ని నేను తుది తీర్పుగా తీసుకోను. కానీ ఎక్కువ వేసుకుంటే ఎక్కువ గుణం అనుకునేవాళ్లు ఆ 3 గ్రాముల లెక్క గుర్తు పెట్టుకోవాలి. బీపీకి కూడా ఇలాంటిదే. 11 పరిశీలనలు, 860 మంది లెక్కలు కలిపి 2016లో చూస్తే పై అంకె 3 పాయింట్లు, కింది అంకె దాదాపు 3 పాయింట్లు తగ్గాయి. అంటే తగ్గుదల ఉంది, కానీ మాత్ర మానేసేంత లేదు.

మావారి రిపోర్టు ఏడుకి కాస్త పైకి దిగింది. ఆ మార్పంతా గింజ ఖాతాలో వేస్తే అబద్ధమవుతుంది. అదే రోజుల్లో ఆయన పొద్దున్నే నాగావళి గట్టు మీద నడక మొదలుపెట్టారు. రాత్రి అన్నం మానేసి చోడి (రాగి) అంబలికి మారారు. తర్వాత హెర్నియా ఆపరేషన్ కోసం పొడి ఆపించారు. ఆపరేషన్ అయ్యాక నడక, అంబలి తొందరగానే తిరిగి మొదలయ్యాయి కానీ పొడి జోలికి చాలాకాలం వెళ్లలేదు. అప్పుడు చేయించిన పరీక్షలో అంకె కొంచెం పెరిగింది, పాత ఎనిమిదిన్నరకి మాత్రం వెళ్లలేదు. ఆ కొంచెమే నా లెక్కలో ఈ గింజ వాటా. నడక, చోళ్లు, మాత్రలు చేసిన పని పెద్దది.

ఒక జాగ్రత్త. మాత్రా పొడీ రెండూ పడి, ఏదో పని మీద బయటికెళ్లి భోజనం ఆలస్యమైన ఒక మధ్యాహ్నం ఆయనకి చెమటలు పట్టేశాయి, చేతులు వణికాయి. మెషీన్‌తో చూస్తే షుగర్ బాగా పడిపోయి ఉంది. పంచదార నీళ్లు తాగాక తేరుకున్నారు. ఆ టెన్షన్ నేను మర్చిపోలేను. డాక్టరు గారు అప్పుడు మాత్ర మోతాదు సవరించారు. ఇంట్లో షుగర్ చూసుకునే మెషీన్ లేకపోతే, చెప్పుకోవడానికి డాక్టరు లేకపోతే, ఈ పొడి షుగర్ కోసం మొదలుపెట్టొద్దు.

ఇక నూనె సీసాలు. నల్ల జీలకర్ర నూనె అని ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతున్నాయి. సీసా మీద రాసిన రోగాల జాబితా చూస్తే కీళ్ల నొప్పుల నుంచి క్యాన్సర్ దాకా ఉంటాయి. క్యాన్సర్ విషయంలో ఇప్పటిదాకా జరిగింది ఎక్కువగా ప్రయోగశాలలో కణాల మీద, ఎలుకల మీద. ఆ మాట నమ్మి ఎవరూ వైద్యం ఆలస్యం చేసుకోకూడదు. నేను రెండు మూడు రకాలు కొని చూశాను. ఒకటి తెల్ల గాజు సీసాలో వచ్చింది, మూత తీస్తే పాత వేరుశనగ నూనె కంపు. థైమోక్వినోన్ వెలుతురుకి పాడయ్యే పదార్థం, నల్ల సీసాలో రాని నూనె కొనడం దండగ. గింజలో మూడో వంతు పైగా నూనే ఉంటుంది కాబట్టి పొడి కొట్టి ఎక్కువ రోజులు ఉంచినా ముక్కిపోతుంది. నేను వారానికి సరిపడా మాత్రమే దంచుకుంటాను. మిగతా గింజలు మూత బిగువుగా ఉన్న స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచుతాను. వంద గ్రాములు యాభై రూపాయలకి అటూ ఇటూగా వస్తాయి. సీసా నూనె ధరతో పోలిస్తే అది ఏ మూలకి! గింజే మేలు.

జుట్టు కోసం కొబ్బరి నూనెలో మెంతులతో కలిపి కాచి నేనూ మా అమ్మాయీ చాలాకాలం రాసుకున్నాం. తల దురద తగ్గింది, పొడిబారడం తగ్గింది. రాలే జుట్టు రాలుతూనే ఉంది. కొత్తగా వచ్చిందీ లేదు. మా చెల్లెలు ఏమీ కలపకుండా ఉత్త నల్ల జీలకర్ర నూనె మోచేతికి నొప్పి కోసం రాసుకుంటే మర్నాటికి ఎర్రగా దద్దుర్లు లేచి, నీటి పొక్కులు వచ్చాయి. ఈ నూనె కొందరి చర్మానికి పడదని వైద్యులకి బాగా తెలిసిన విషయమే. ముంజేతి లోపలి వైపు ఒక చుక్క రాసి, ఒక రోజు ఆగి చూసుకోవాలి.

ఇప్పుడు ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు సంగతి మన జిల్లాలో పుట్టిన ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో ఎండనక కష్టపడే మనుషులు, షుగర్ లేకుండా, బీపీ లేకుండానే కిడ్నీలు చెడి మంచం పడుతున్నారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో కిడ్నీ ఆస్పత్రి వచ్చింది, హిరమండలం నుంచి తాగునీరు వచ్చింది. అయినా క్రియాటినిన్ అన్న మాట, కిడ్నీలు చెడేకొద్దీ రక్త పరీక్షలో పెరిగే ఆ అంకె, అక్కడ పిల్లలకి కూడా తెలుసు. అంత భయం ఉన్న చోట ఎవరు ఏ పొడి ఇచ్చినా జనం తీసుకుంటారు. వాళ్లని నేను ఒక్క మాట కూడా అనను. డయాలసిస్ మెట్టు ఎక్కకుండా ఉండటానికి మనిషి ఏదైనా పట్టుకుంటాడు.

మా చిన్నాన్న కొడుకు, నాకు అన్నయ్య, అటువైపే ఉంటాడు. అతని క్రియాటినిన్ పెరుగుతున్న రోజుల్లో ఫోన్ చేశాడు. "ఏటే చెల్లీ, మీ ఇంట్లో నల్ల జీలకర్ర వాడతన్నారట గదా. కిడ్నీలు బాగు చేస్తాదని సెల్లులో వచ్చింది. నాకూ కాసింత పంపించీ." పంపనని చెప్పాను. పక్క నుంచి వదిన ఫోన్ తీసుకుని, "ఊళ్లో శానామంది తింటన్నారమ్మా, మీ ఆయనకి పనికొచ్చింది మీ అన్నకి పనికిరాదా" అంది. ఆ మాటకి నాకు బాధ కలిగింది. కానీ ఫోన్‌లో తేలే విషయం కాదని, మర్నాడే బస్సెక్కి వెళ్లి కూర్చుని చెప్పాను.

వాళ్లకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. సెల్లులో తిరిగే ఆ మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. అలీగఢ్‌లో, షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న రోగులకి ఆస్పత్రి పర్యవేక్షణలో ఈ నూనె ఇచ్చి చూసిన ఒక పరిశీలన ఉంది, ఫలితం కొంత అనుకూలంగానే వచ్చింది. కానీ అక్కడ చూసింది షుగర్ నుంచి వచ్చిన కిడ్నీ జబ్బు. ఉద్దానం జబ్బు దారి వేరు. అక్కడ రోగులకి ఎప్పటికప్పుడు రక్త పరీక్షలు చేస్తూ ఇచ్చారు. ఇక్కడ కాగితం పొట్లంలో వచ్చిన పొడిని కొలత లేకుండా తింటున్నారు. దీనికి రెండో వైపు కూడా ఉంది. 2013లో టర్కీ వైద్యులు ఒక కేసు ప్రచురించారు. షుగర్ ఉన్న ఒక పెద్దావిడ నల్ల జీలకర్ర మాత్రలు వేసుకున్న కొద్దిరోజుల్లోనే మూత్రం తగ్గిపోయి, కిడ్నీలు పనిచేయడం మానేసి, డయాలసిస్ దాకా వెళ్లింది. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు, నిజమే. మంచి కిడ్నీలున్న మనిషి ఆ ఒక్క కేసుకి భయపడక్కర్లేదు. కానీ కిడ్నీలో మిగిలిందే కొంచెం అయినప్పుడు, ఆ కొంచెం మీద పందెం కాయకూడదు. పైగా విడిగా అమ్మే మూలికల పొడుల్లో ఏం కలిసిందో చూసేవాళ్లు లేరు.

అన్నయ్యని కిడ్నీ డాక్టరు గారికి చూపించినప్పుడు వదినే అడిగింది. ఆయన ఒకటే అన్నారు. "ఏ పొడీ వద్దు, ఏ కషాయమూ వద్దు, నొప్పి మాత్రలు అసలే వద్దు. నేను రాసినవి వేసుకుని, చెప్పిన రోజుకి పరీక్ష చేయించుకుని రండి." వదిన ఇంటికొచ్చి, అప్పటికే ఎవరి దగ్గరో కొన్న పొట్లం పారేసింది. అన్నయ్య ఇప్పటికీ ఆ డాక్టరు దగ్గరికే వెళ్తున్నాడు. ఉద్దానం వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ ఇంట్లో క్రియాటినిన్ పెరిగినవాళ్లు ఉంటే, నల్ల జీలకర్ర మీద ఎవరేం చెప్పినా ఆగండి. వాడి బాగుపడ్డానని నాలాంటి వాళ్లు రాసింది చూసి కూడా మొదలుపెట్టొద్దు.

ఇంకో రెండు మూడు రకాల వాళ్లకి కూడా ఇది మందు మోతాదులో వద్దు. గర్భిణులకి వద్దు. గర్భాశయాన్ని కదిలించే గుణం ఉందని పాతవాళ్లే చెప్పారు, అందుకే మా అత్తగారు కాన్పయ్యాక బాలింత పొడిలో కాసింత వేసేవారు కానీ కడుపుతో ఉన్నన్నాళ్లూ దగ్గరికి రానిచ్చేవారు కాదు. పాలు పడతాయని కూడా అనేవారు. మా అమ్మాయికి ఆ పొడి పెట్టాం, పాలు బాగానే పడ్డాయి, కానీ ఆ పొడిలో ఇంకా ఎన్నో దినుసులున్నాయి, పేరు దీనికి ఇవ్వలేను. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు వేసుకోకూడదు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపెయ్యాలి, ఆపినట్టు డాక్టరుకి చెప్పాలి.

ఇవేవీ వంటకి వర్తించవు. తాలింపులో వేసే చిటికెడు దినుసు మందు కాదు, రుచి. మా ఆడపడుచు ఇచ్ఛాపురంలో ఉంటుంది, అక్కడ ఒడియా ఇరుగుపొరుగు దగ్గర పంచ ఫుటణ పెట్టడం నేర్చుకుంది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్ల జీలకర్ర, ఐదూ కలిపి ఒక డబ్బాలో పెట్టుకుంటారు, మెంతులు మాత్రం మిగతా వాటికంటే తక్కువ. వాళ్లింట్లో గుమ్మడికాయ కూర తిన్నాకే మా పిల్లలకి ఈ గింజ మీద ఇష్టం కలిగింది, మందు పొడి పేరు చెబితే మొహం తిప్పుకునేవాళ్లు. నేను చేసేటప్పుడు ఐదూ ఒకేసారి వెయ్యను. నూనె కాగాక ముందు ఆవాలు చిటపటమననిచ్చి, తర్వాత మెంతులు, జీలకర్ర, సోంపు, అన్నిటికంటే ఆఖర్న నల్ల జీలకర్ర వేసి వెంటనే ముక్కలు వేసేస్తాను, లేకపోతే మాడి కూరంతా చేదవుతుంది. గుమ్మడికాయ తీపిగా ఉంటే రెండు ఎండుమిరపకాయలు ఎక్కువ వేయండి, మూత పెట్టి సన్న సెగ మీద నీళ్లు పోయకుండా మగ్గించండి.